ముల్లు ఇంకా ఉన్నవాళ్ళకూ మైకు ఇవ్వండి: కన్వెన్షన్ కమిటీలకు, సంఘ పెద్దలకు బహిరంగ లేఖ

ప్రభువునందు ప్రియమైన కన్వెన్షన్ కమిటీ పెద్దలకు, పాస్టర్స్ ఫెలోషిప్ సభ్యులకు, సంఘ కాపరులకు వందనాలు.

సంక్రాంతి దాటిందంటే మన ఊళ్ళలో సభల పందిళ్ళు లేస్తాయి. వాక్యానికి ఎవరిని పిలవాలి, పాటలు ఎవరు పాడాలి, మైకుసెట్టు ఎవరిది, చివరి రోజు భోజనాలకు ఎన్ని బస్తాల బియ్యం కావాలి అన్నవన్నీ నెల ముందే కూర్చుని మాట్లాడుకుంటారు. దేవుడు తమకు చేసింది విశ్వాసులు చెప్పుకునే సాక్ష్యాల సంగతి మాత్రం ఆ రాత్రికి వదిలేస్తారు. వాక్యం చెప్పే వర్తమానికుడి కారు ఇంకా రాలేదనో, కరెంటు పోయి వచ్చిందనో పావుగంట ఖాళీ దొరికితే "ఎవరైనా సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే రండి" అంటారు. మూడు రోజుల సభలో జనం ఇంటికి మోసుకెళ్ళేది చాలాసార్లు ఆ పావుగంటే. అందుకే వేదిక పని, సాక్ష్యాలు రాయించే పని, రికార్డింగు పని చూసే మేము కొందరం ఈ లేఖ రాస్తున్నాం.

మేము అడిగేది ఒక్కటే. మన వేదికల మీద బాగైపోయినవాళ్ళకే చోటుంది, ఇంకా బాగవనివాళ్ళకు, అంటే అపొస్తలుడైన పౌలు చెప్పుకున్న "శరీరంలో ముల్లు" లాంటి బాధ తీరనివాళ్ళకు కూడా ఇవ్వండి. జాలితో అడుగుతున్న మాట కాదిది, దేవుని మహిమ లెక్కలోనే అడుగుతున్నాం. జబ్బు తగ్గిందని చెప్పగానే వినేవాడి మనసులో లేచే మొదటి ప్రశ్న "ఎవరు ప్రార్థన చేశారు?" అని. ఆ మహిమలో సగం అక్కడే ఒక మనిషికి వెళ్ళిపోతుంది. జబ్బు అలాగే ఉండి కూడా ఒక మనిషి చెదరకుండా నిలబడ్డాడంటే ఆ ఘనత నాదని చెప్పుకోవడానికి ఏ సేవకుడికీ వీలుండదు.

మన వేదికల మీద సాక్ష్యం ఎలా నడుస్తుందో ఒకసారి పక్కన నిలబడి వినండి.

"ఎన్నాళ్ళ నుంచమ్మా ఈ బాధ?"

"ఎనిమిదేళ్ళ నుంచండీ."

"ఎంతమంది డాక్టర్లకు చూపించావు?"

"శానామందికండీ."

"లక్షలు పోశావు కదా?"

ఆవిడ ఒక్క క్షణం ఆగుతుంది. "పోశామండీ."

"తగ్గిందా?"

"అప్పుడు తగ్గలేదండీ."

"మరి ఎవరు ప్రార్థన చేస్తే తగ్గింది? గట్టిగా చెప్పు, వెనకవాళ్ళకు కూడా వినపడాలి."

"అయ్యగారండీ..."

అంతే, కీబోర్డు లేస్తుంది. చేతులెత్తించి మూడుసార్లు "దేవునికి మహిమ" అనిపిస్తారు. అయిదు ప్రశ్నల్లో ఒక్కదానికి కూడా యేసు పేరు జవాబుగా రాలేదు. లక్షలన్న మాట ఆవిడది కాదు, మైకు పట్టుకున్నవాడిది. "ఇప్పుడెలా ఉందమ్మా?" అని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే మోకాలు ఇంకా నొప్పిగానే ఉందనీ, మెట్లెక్కడానికి కూతురు చెయ్యిచ్చిందనీ ఆవిడ చెప్పేదేమో.

మనం పదే పదే ప్రసంగించే అపొస్తలుల కార్యాలు 3వ అధ్యాయంలో, శృంగారమను దేవాలయపు ద్వారం దగ్గరి కుంటివాడు లేచి గంతులేశాక జనం పరుగెత్తుకొస్తే పేతురు చేసిన మొదటి పని ఆ జనం చూపును తన మీంచి తప్పించడం. మా సొంత శక్తితోనో భక్తితోనో వీడు నడిచినట్టు మావైపు ఎందుకలా చూస్తారు అన్నాడు. శక్తితో పాటు భక్తిని కూడా కొట్టేశాడు, గమనించండి. "మా శక్తి కాదు" అని మన సేవకులూ అంటారు. "నలభై రోజులు ఉపవాసముండి ప్రార్థించాను" అన్న మాట మాత్రం ఆ వెంటనే వస్తుంది. లుస్త్రలో జనం తమను దేవుళ్ళనుకుని, పూజారి బలి ఇవ్వడానికి ఎడ్లను, పూదండలను తెస్తే బర్నబా, పౌలు బట్టలు చించుకుని గుంపులోకి దూకారు. మన దగ్గర దండలు కమిటీయే ముందురోజు ఆర్డరిచ్చి తెప్పిస్తుంది.

పౌలు విషయానికి వద్దాం. కొరింథు సంఘంలో ఆయనకు పోటీగా గొప్పలు చెప్పుకునే బోధకులు చేరారు. వాళ్ళకు జవాబుగా రాసిన రెండో లేఖ 11వ అధ్యాయంలో పౌలు కూడా ఒక పట్టీ రాశాడు. ఒకటి తక్కువ నలభై దెబ్బలు అయిదుసార్లు, బెత్తాలతో మూడుసార్లు, రాళ్ళతో ఒకసారి, ఓడ పగలడం మూడుసార్లు. పట్టీ చివర ఏ అద్భుతమూ లేదు. దమస్కులో అరెత రాజు అధిపతి కాపలా పెడితే గోడ కిటికీలోంచి గంపలో దించగా తప్పించుకున్న సంగతి ఉంది. సువార్త సభల ఫ్లెక్సీ మీద "గంపలో పారిపోయిన దైవజనుడు" అని వేయించడం ఎవరైనా చూశారా?

12వ అధ్యాయంలో మూడో ఆకాశం దర్శనం చెప్పాడు. అది పద్నాలుగేళ్ళ కిందటిది. తన పేరు పెట్టకుండా "ఒక మనుష్యుని నేనెరుగుదును" అన్నట్టు చెప్పి అక్కడే ఆపేశాడు. ఎందుకు ఆపాడో కూడా రాశాడు. తనలో చూసినదానికన్నా, తన నోట విన్నదానికన్నా ఎవరూ తనను ఎక్కువగా ఎంచకూడదట. ఆ వెంటనే ముల్లు సంగతి. తీసెయ్యమని మూడుసార్లు వేడుకున్నాడు. వచ్చిన జవాబు "నా కృప నీకు చాలును, బలహీనతయందు నా శక్తి పరిపూర్ణమగుచున్నది." ఈ వాక్యాన్ని మనం క్యాలెండర్ల మీద, ఆటోల వెనక రాయించుకున్నాం. ఇది "తియ్యను" అన్న అర్థంలో వచ్చిన జవాబు అని మరిచిపోయాం. ఈ ఉత్తరం రాసేనాటికి ముల్లు పౌలు ఒంట్లోనే ఉంది. అంటే పౌలు ఆ రోజు మన కన్వెన్షన్‌కు వస్తే సాక్ష్యం చెప్పే అర్హత ఉండేది కాదు. "ఇంకా విడుదల కాలేదు కదా బ్రదర్, అయ్యాక రండి" అనేవాళ్ళం.

ఇంకో చిన్న సంగతి, దీన్ని మన సభల్లో ఎవరూ కలిపి చెప్పగా మేము వినలేదు. పౌలు ఒంటికి తగిలిన చేతిగుడ్డలు తీసుకెళితే రోగాలు పోయాయని రాసి ఉన్నది ఎఫెసు పట్టణం సంగతిగా. ప్రార్థన రుమాళ్ళు పంచేవాళ్ళందరికీ ఆధారం ఆ వచనమే. తర్వాత తిమోతి కూడా అదే ఎఫెసులో పని చేస్తున్నాడు. కడుపు జబ్బుతో, తరచూ వచ్చే బలహీనతలతో ఉన్నాడు. పౌలు అతనికి రుమాలు పంపలేదు, ఇకమీదట నీళ్ళే తాగకుండా కొంచెం ద్రాక్షారసం పుచ్చుకో అని ఉత్తరం రాశాడు. త్రోఫిము కూడా ఎఫెసువాడే. అతన్ని మిలేతులో రోగిగా వదిలి వచ్చానని తన చివరి ఉత్తరంలో రాశాడు. మిలేతు ఎఫెసుకు ఎంతో దూరం కాదు. స్వస్థత జరిగిన పట్టణం, స్వస్థత జరగని సహచరులు, రెండూ ఒకే మనిషి జీవితంలో, ఒకే బైబిల్లో. రెండిట్లో ఒకదాన్నే మనం వేదిక ఎక్కిస్తున్నాం.

ఇక ఎలా చెయ్యాలన్నది. మా పని ఇదే కాబట్టి కాస్త వివరంగా చెబుతాం.

సాక్ష్యాలు సభలకు పది రోజుల ముందే చేతికి రావాలి. ఒక రాత్రికి మూడు చాలు, ఒక్కోటి అయిదు నిమిషాలు. తెలుగులో నిదానంగా మాట్లాడితే అయిదు నిమిషాలకు సుమారు 500 మాటలు పడతాయి, అంటే చేత్తో రాస్తే రెండు పేజీలు. రాయలేనివాళ్ళ చేత ఫోన్లో చెప్పించి రికార్డు చెయ్యండి. ఆడవాళ్ళ సాక్ష్యం పాస్టరమ్మగారో మరో పెద్దావిడో వినాలి, మగవాళ్ళ ముందు చెప్పలేనివి ఉంటాయి. సంఘంలో నర్సుగానో ఆశా కార్యకర్తగానో పనిచేసే విశ్వాసి ఉంటే జబ్బుల సాక్ష్యాలన్నీ ఒకసారి వాళ్ళ చెవిన వెయ్యండి.

ఆ అయిదు నిమిషాల్లో పాత సంగతికి ఒక నిమిషం మించనివ్వకండి. సాక్ష్యాలు ఎక్కువగా పాడయ్యేది అక్కడే. తాగుడు, తిరుగుడు, అప్పులు, కొట్లాటలు చెప్పుకుంటూ పోతే జనం నోళ్ళు తెరుచుకుని వింటారు. చెప్పేవాడికి ఊపొస్తుంది, చివర అర నిమిషంలో "యేసయ్య మార్చాడు" అని దిగిపోతాడు. ఎంత పెద్ద పాపి అయితే అంత పెద్ద సాక్ష్యమన్న లెక్క మనమే నేర్పాం. అందుకే ఏడాది తిరిగేసరికి అదే సాక్ష్యంలో రెండు కేసులు, ఒక జైలు అదనంగా కలుస్తాయి. జరిగింది చెప్పడానికి రెండు నిమిషాలు ఇవ్వండి. అందులో తోడొచ్చిన మనుషుల పేర్లు రావాలి. భార్య ఉందా, పక్కింటివాళ్ళున్నారా, ఆసుపత్రిలో డాక్టరు ఉన్నాడా, చెప్పాలి. డాక్టరుకు కృతజ్ఞత చెబితే దేవుని మహిమ తరిగిపోదు. మిగిలిన సమయంలో ఎక్కువ భాగం మనం ఇంతవరకూ అడగని ఒక ప్రశ్నకు పోవాలి: ఇప్పుడు ఇంకా ఏం మిగిలి ఉంది?

రాయించేటప్పుడు కొన్ని మాటల దగ్గర ఆగి అడగాలి. "డాక్టర్లు చేతులెత్తేశారు" అంటే ఏ రోజు, ఏమని చెప్పారు, కాగితం ఉందా? చాలాసార్లు తేలేదేమిటంటే, చిన్న ఆసుపత్రిలో సౌకర్యం లేక పెద్ద ఆసుపత్రికి రాసి పంపారని. "చనిపోయి బతికాను" అంటే స్పృహ లేదా, గుండె ఆగిందా? "రిపోర్టులో ఏమీ లేదు" అంటే మొదట చేసిన పరీక్షే మళ్ళీ చేశారా, వేరేదా? అనుమానంతో అడగడం అవిశ్వాసమని కొందరు పెద్దలు కోప్పడతారు. కుష్ఠరోగి బాగయ్యాక యేసు ప్రభువే అతన్ని వెళ్ళి యాజకునికి కనబరచుకోమన్నాడు. లేవీయకాండం 14లో ఉన్న ప్రకారం యాజకుడు పాళెం బయటికి వెళ్ళి చూడాలి, ఆ తర్వాత కూడా అతను ఏడు రోజులు తన గుడారం బయటే ఉండాలి, అర్పణ ఎనిమిదో రోజున. చూసి, ఆగి, ఆ తర్వాతే చెప్పించడం దేవుడు పెట్టిన పద్ధతే.

తెలియనిది తెలియదని చెప్పడం కూడా నేర్పాలి. యోహాను 9లో చూపు వచ్చిన గుడ్డివాడిని, నిన్ను బాగుచేసిన ఆ యేసు పాపి కదా అని నిలదీస్తే, అది నాకు తెలియదు, ఒకటి తెలుసు, గుడ్డివాడిగా ఉండి ఇప్పుడు చూస్తున్నాను అన్నాడు. ఆ జవాబులో అంతకు మించి ఒక్క ముక్క కలపలేదు.

ముల్లు మిగిలి ఉన్న సాక్ష్యం ఎలా ఉంటుందో ఒక నమూనా ఇస్తున్నాం, ఇది ఎవరిదీ కాదు, మేము రాసింది:

"నాకు చిన్నప్పటి నుంచి ఫిట్స్ వస్తాయి. రెండు పూటలా మాత్ర వేసుకుంటున్నా అప్పుడప్పుడు వస్తూనే ఉంది. మొన్న ఆరాధనలో కూడా వచ్చింది, మీరంతా చూశారు. బాగుచెయ్యమని అడుగుతూనే ఉన్నాను, ఇంకా చెయ్యలేదు. చెరువు గట్టుకు, పొయ్యి దగ్గరికి ఒంటరిగా వెళ్ళకూడదని మా అక్క తోడుంటుంది. పడిపోతే నలుగురూ నవ్వుతారని గడప దాటనిదాన్ని. ఇప్పుడు సండే స్కూలు పిల్లలకు పాటలు నేర్పుతున్నాను. ఈ ధైర్యం నాది కాదు. ఆయనకే స్తోత్రం."

చదవడానికి నిమిషం కూడా పట్టదు. ఇందులో అయ్యగారికి దక్కే భాగం ఏమీ లేదు, చూడండి. అందుకే ఇలాంటి సాక్ష్యం అయిన వెంటనే ఒక ప్రమాదం ఉంటుంది. మైకు దగ్గరున్న సేవకుడికి చేతులు ఊరుకోవు. "ఈ రాత్రే విడుదల! అందరూ చేతులు చాపండి!" అని ఆ అమ్మాయి తల మీద చెయ్యి వేసి ఊపేస్తాడు. ఆవిడ చెప్పిందంతా కొట్టుకుపోయి, విడుదల అయిందా లేదా అన్న దగ్గరికి కథ వస్తుంది. దయచేసి అలా చెయ్యకండి. ఆమేన్ అని, ఒక పాట పాడి, ఆవిడను కూర్చోబెట్టండి. ప్రార్థన కావాలంటే ఆవిడే అడుగుతుంది. వీల్‌చైర్‌లో ఉన్నవాళ్ళను, చూపు లేనివాళ్ళను ప్రతి సభలోనూ అడక్కుండానే పట్టుకుని ప్రార్థించి, లేవకపోతే "విశ్వాసం చాలలేదు" అని పంపేయడం మన దగ్గర మామూలైపోయింది. పౌలుకు విశ్వాసం చాలక ముల్లు మిగిలిందని చెప్పే ధైర్యం మనలో ఎవరికైనా ఉందా?

వేదిక సంగతి కూడా చెప్పాలి. మన వేదికలు మామూలుగా నాలుగు అడుగుల ఎత్తు కడతారు. వీల్‌చైర్ సొంతంగా ఎక్కాలంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు కావాలి, అంటే నాలుగు అడుగులకు 48 అడుగుల ర్యాంపు. అంత స్థలం ఏ పందిట్లోనూ ఉండదు. చెక్క పలక అడ్డంగా వేసి నలుగురు మోసి ఎక్కిస్తే కుర్చీ వెనక్కి తిరగబడే ప్రమాదం ఉంది, పైగా ఆ మోసుకెళ్ళే దృశ్యమే సాక్ష్యమైపోతుంది. సులువైన దారి ఏమిటంటే, సాక్ష్యాల మైకు వేదిక కింద, జనం ఎత్తులో పెట్టడం. మైకు స్టాండు కూర్చున్నవాళ్ళ నోటి ఎత్తుకు దిగేది తీసుకోండి. అందరూ అక్కడి నుంచే చెప్పాలి, బాగైనవాళ్ళు కూడా.

మందుల సంగతిలో మాత్రం కాస్త కఠినంగా మాట్లాడతాం, ప్రాణాలతో పని కాబట్టి. "మందులు ఆపేశాను, దేవుడు చూసుకున్నాడు" అన్న వాక్యం మీ వేదిక మీద ఎవరినోటా రానివ్వకండి. టీబీకి మామూలుగా మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు వాడాలి. దగ్గు, జ్వరం తగ్గి ఒళ్ళు తేలికపడేది తొలి వారాల్లోనే. సరిగ్గా అప్పుడే మనం సాక్ష్యం చెప్పిస్తాం. ఆ ఊపులో మందులు మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగని రకంగా తిరగబడతాయి, అది ఇంట్లో పిల్లలకు కూడా అంటుకోవచ్చు. ఫిట్స్ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి మనిషి పోవచ్చు. ఇన్సులిన్ మీదే బతికే చక్కెర జబ్బు పిల్లలకు అది ఆపితే రోజుల్లోనే ప్రాణం మీదికొస్తుంది. బీపీ అయితే తగ్గిందో లేదో ఒంటికి తెలియనే తెలియదు, కొలిస్తేనే తెలుస్తుంది. మానసిక జబ్బుల్లో మందు ఆపిన వెంటనే చాలాసార్లు ఏమీ కానట్టే ఉంటుంది, వారాలో నెలలో గడిచాక తిరగబెడుతుంది. అప్పటికి సభ పందిరి ఎప్పుడో విప్పేసి ఉంటారు. సాక్ష్యం రాయించేటప్పుడే "మందులు వాడుతున్నారా?" అని అడిగి, వాడుతుంటే ఆ మాట కూడా సాక్ష్యంలో చెప్పించండి. "రోజూ మాత్ర వేసుకుంటున్నాను, దేవునికి స్తోత్రం" అన్నది చక్కటి సాక్ష్యమే.

చట్టం కూడా ఉంది. తాయెత్తులు, మంత్రాల వంటివాటితో క్యాన్సర్, చక్కెర జబ్బు, మూర్ఛ, టీబీ, పక్షవాతం వంటివి నయమవుతాయని ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. ప్రార్థన నూనె సీసా బొమ్మ పక్కన జబ్బుల పట్టీ వేసి కరపత్రం కొట్టించేవాళ్ళు ఒకసారి లాయరును అడిగి ముందుకు వెళ్ళడం మంచిది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళ సంగతి బయటపెట్టాలంటే వాళ్ళ రాతపూర్వక సమ్మతి ఉండాలని 2017 చట్టం చెబుతోంది. పాస్టరుకు గుట్టుగా చెప్పుకున్నది మైకులో రావడం ఎంత పెద్ద ద్రోహమో చట్టం లేకపోయినా మనకు తెలియాలి. పౌలు తన ముల్లు ఏ జబ్బో చెప్పలేదు. పండితులు కంటి జబ్బనీ, మలేరియా అనీ ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. జబ్బు పేరు చెప్పకుండానే బలహీనతను చెప్పవచ్చు, దేవునికి మహిమ ఇవ్వవచ్చు. అలాగే భర్త తాగుడు, కొడుకు చెడు సావాసం, అత్త పోరు వంటి ఇతరుల బలహీనతలను వాళ్ళ అనుమతి లేకుండా చెప్పించకండి. రేపు బడిలో ఆ పిల్లవాడు ఏమంటాడు? పాత మతాన్ని వెక్కిరించే సాక్ష్యాలు కూడా ఆపండి, వాటితో మహిమ ఎవరికీ రాదు, గొడవలొస్తాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బలహీనతకు చోటివ్వమని మేము అడుగుతుంటే, దాన్ని అడ్డం పెట్టుకునేవాళ్ళు తప్పకుండా వస్తారు. సంఘ డబ్బు వాడుకున్నవాడు, పరాయి ఆడదానితో పట్టుబడినవాడు రెండు నెలలు కనబడకుండా ఉండి, తిరిగొచ్చి కన్నీళ్ళతో "నా బలహీనతలో దేవుని శక్తి" అని వర్తమానం చెబుతాడు. కొరింథు లేఖలో పౌలు వేసిన పట్టీలో నిందలు, ఇబ్బందులు, హింసలు, ఉపద్రవాలు ఉన్నాయి. దొంగతనం, వ్యభిచారం అందులో లేవు. అవి పాపాలు. వాటికి దారి వేరు. పెద్దల మీద ఫిర్యాదు ఇద్దరు ముగ్గురు సాక్షులతో తీసుకోవాలని, పాపం చేసినవాళ్ళను అందరి ముందు గద్దించాలని తిమోతికి రాసిన మొదటి లేఖ 5వ అధ్యాయంలో ఉంది. దెబ్బ తిన్నవాళ్ళకు న్యాయం జరగకుండా, డబ్బు తిరిగి కట్టకుండా ఎవరినీ సాక్ష్యాల మైకు దగ్గరికి రానివ్వకండి.

కాపరులు తమ బలహీనత ఎంతవరకు చెప్పాలని కూడా కొందరు అడుగుతుంటారు. షుగరుందని, నిద్ర పట్టడం లేదని, ఈ వారం వాక్యం సిద్ధపడలేకపోయానని, ఫలానా ప్రశ్నకు జవాబు తెలియదని పుల్పిట్ మీంచే చెప్పవచ్చు. మనోవేదన, కుటుంబ కలహం, శోధనలు అయితే నమ్మకస్తులైన ఇద్దరు ముగ్గురు పెద్దలతో, వేరే సంఘపు కాపరితో అయితే ఇంకా మంచిది. అంతా మైకులో కక్కేయడం వినయం కాదు. "నేను మట్టిని, ధూళిని, పనికిమాలినవాణ్ణి" అని పది నిమిషాలు చెప్పుకోవడమూ కాదు. ఆ పది నిమిషాలూ మాట్లాడింది తన గురించే కదా.

ఫ్లెక్సీల గొడవ మీకు మాకన్నా ఎక్కువ తెలుసు. ఇరవై అడుగుల ఫ్లెక్సీలో వర్తమానికుడి నిలువెత్తు బొమ్మ, ఆయన పేరుకు ముందు రెవరెండ్, డాక్టర్, బిషప్, అపొస్తలుడు, అడుగున కమిటీ సభ్యుల స్టాంపు సైజు ఫొటోలు, ఎవరి ఫొటో చిన్నదైందని అలక. "ఆయన హెచ్చవలసియున్నది, నేను తగ్గవలసియున్నది" అన్న వాక్యం కూడా అదే ఫ్లెక్సీ మీద ఆ బొమ్మ భుజం పక్కన ఉంటుంది. మా సలహా చిన్నది. ఊరు, తేదీలు, వేళ, స్థలం, వాక్యభాగం, మాట్లాడేవాళ్ళ పేర్లు అన్నీ ఒకే సైజు అక్షరాల్లో, ఫొటోలు ఎవరివీ లేకుండా. జనం తగ్గుతారేమోనని భయపడితే తగ్గించిన లెక్క ఒకటి ఉంది. బైబిల్లో యుద్ధానికి బయలుదేరిన గిద్యోను దగ్గర 32000 మంది ఉంటే భయపడ్డ 22000 మంది వెళ్ళిపోయారు, మిగిలిన 10000 లోంచి దేవుడు ఉంచింది 300. మా చెయ్యే మమ్మల్ని రక్షించిందని ఇశ్రాయేలు అనుకుంటుందేమోనని కారణం కూడా చెప్పాడు.

ఆ గిద్యోను కథ తర్వాతి అధ్యాయం మనం చదవం. గెలిచాక జనం రాజువు కమ్మంటే, నేను మిమ్మల్ని ఏలను, యెహోవాయే ఏలుతాడు అన్నాడు. ఎంత చక్కటి మాట! ఆ మాట అన్న నోటితోనే దోపుడు సొమ్ములోని పోగులు ఇవ్వమని అడిగాడు. బంగారం 1700 తులాలు తేలింది. దానితో చేయించిన ఏఫోదు, అంటే యాజకుల వస్త్రం లాంటిది, ఆయనకూ ఆయన ఇంటివాళ్ళకూ ఉరి అయిందని రాసి ఉంది. సాక్ష్యాలయిన వెంటనే కానుకల సంచి తిప్పకండి అని మేము చెప్పడానికి కారణం ఇదే. ఏడిపించిన సాక్ష్యం తర్వాత సంచి బరువెక్కుతుందని కమిటీలో అందరికీ తెలుసు. మధ్యలో వాక్యం పెట్టండి. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి, ఆ రాత్రే పుస్తకంలో రాసి, సంతకాలు చేసి, మర్నాడు మొత్తం చదివి వినిపించండి. యెరూషలేము పేదల చందా మోసేటప్పుడు మీద నింద పడకూడదని పౌలు ఒక్కడే తీసుకెళ్ళకుండా తోడుగా సహోదరులను పెట్టుకున్నాడు.

సాయం తీసుకున్నవాళ్ళ చేత సాక్ష్యం చెప్పించడం ఇంకో అలవాటు. బియ్యం, దుప్పటి, కుట్టుమిషను అందుకుని వెంటనే మైకు. ఒంగోలు ప్రాంతంలో 1876-78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకం పని తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం అడిగినవాళ్ళు ఎంతమంది ఉన్నా, కరువు సాయం నడుస్తున్నన్నాళ్ళూ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. గింజల కోసం చేరారన్న మాట రాకూడదని. సాయం ఆగాక 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలో దిగి, ఇద్దరిద్దరు వంతులు వేసుకుని ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. సంఖ్య మనందరికీ కంఠతా వచ్చు, దొర పేరూ వచ్చు. ఆ ఆరుగురి పేర్లు ఎవరినైనా అడగండి. మీ సంఘంలో సాయానికీ సాక్ష్యానికీ మధ్య కనీసం ఆరు నెలల దూరం పెట్టండి. ఆ తర్వాత కూడా ఇచ్చినవాళ్ళ పేరు వద్దు.

చివరిగా ఇప్పటికే ఎక్కించిన వీడియోలు. మీ ఛానెళ్ళలో ఏళ్ళ తరబడి స్వస్థత సాక్ష్యాలు ఉన్నాయి. వాటిలో కొందరికి జబ్బు తిరగబెట్టింది, కొందరు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. "క్యాన్సర్ నుంచి పూర్తి విడుదల" అన్న తంబ్‌నెయిల్ మాత్రం అలాగే ఉంది. అది చూసి కీమో మానేద్దామా అని ఆలోచించే ఇల్లు ఒకటి ఎక్కడో ఉంటుంది. ఈ సభలు మొదలయ్యేలోగా ఒక మనిషికి ఆ పని అప్పజెప్పండి. ప్రతి వీడియోలో ఉన్న మనిషికి గానీ ఇంటివాళ్ళకు గానీ ఫోను చేసి, ఇప్పుడెలా ఉన్నారు, ఇది ఉంచమంటారా అని అడగాలి. వద్దన్నవి, జవాబు దొరకనివి తీసెయ్యాలి. చనిపోయినవాళ్ళవి ఇంటివాళ్ళు ఉంచమంటే, తర్వాత ఏం జరిగిందో కింద రెండు ముక్కలు రాయాలి. ఇంకా జబ్బుతోనే ఉన్నామని చెప్పేవాళ్ళుంటే ఫోను అక్కడితో పెట్టెయ్యకండి. ఈ సంవత్సరం సాక్ష్యం చెబుతారా అని వాళ్ళనే అడగండి.

ఇట్లు,
వేదిక వెనక పనిచేసే కొందరు విశ్వాసులు